కోయకుండా వదిలిన రిమ్ము

2018 సెప్టెంబరు 12, బుధవారం. డైరీలో ఆ తేదీ కింద రెండే మాటలున్నాయి: "పగులు. పూయను." ప్రతి రిమ్ముకు ఎన్ని నిమిషాలు పట్టిందో, ఓవెన్ ఎంత వేడి మీద ఉందో రాసుకునే అలవాటు నాది. ఆ రోజు కోపంలో అంతకు మించి రాయలేదు. ఆ ఖాళీని ఇప్పుడు నింపుతున్నాను.

సౌదీలోని యాన్బు సనాయియాలో, అంటే వర్క్‌షాపుల పేటలో, అరిగిన కారు రిమ్ములను తిరిగి కొత్తవిగా చేసే దుకాణంలో నా పని. అక్కడి ఉప్పుగాలికి అల్యూమినియం మీద తెల్లని పొక్కులు లేస్తాయి. పాత రంగు తీయాలి, ఇసుకతో కొట్టాలి, కడిగి ఆరబెట్టాలి, ఆపైన ప్రైమరు, రంగు పౌడరు, మెరుపుకు క్లియరు వేసి ఓవెన్‌లో కాల్చాలి. ఒక్క మెట్టు దాటేసినా ఆరు నెలల్లో పూత పొలుసులుగా రాలుతుంది. పొలుసు రాలితే పోయేది అందం. పగులు ఉంటే పోయేది వేరు. అందుకే ఇసుకతో కొట్టిన ప్రతి రిమ్ము మీదా ఎర్ర ద్రవం చల్లి, తుడిచి, తెల్లపొడి చిమ్మేవాణ్ణి. పగులుంటే ఆ తెలుపులోకి ఎర్రని గీత ఊరుతుంది.

మేం రిమ్ములకు రంగు వేసేవాళ్లం. మా దుకాణానికి రంగు వేసేది నితాఖాత్, సౌదీలకు ఇన్ని ఉద్యోగాలివ్వాలనే సర్కారు కోటా. చాలినంతమంది సౌదీ ఉద్యోగులు లేరని పసుపు నుంచి ఎరుపులోకి దించారు. ఎరుపులో ఉన్న దుకాణంలో మా నివాస పర్మిట్లు, ఇఖామాలు, రెన్యూ కావు. ఆరుగురిలో ముగ్గురం మిగిలాం. పని మాత్రం రెట్టింపయింది. ఇంట్లో మనిషికి నెలకు రెండు వందల రియాళ్ల సర్కారు లెవీ కట్టలేని ప్రవాస కుటుంబాలు కార్లు అమ్ముకుని వెళ్లిపోతున్నాయి. అమ్మే ముందు రిమ్ములు మెరిపించుకోవడానికి మా దగ్గరికి వచ్చేవి.

ఆ ఉదయం వచ్చినావిడ ఆసుపత్రి నర్సు, నరసాపురం వైపు మనిషి. భర్త కాంట్రాక్టు ముగిసింది. అతనూ ఇద్దరు పిల్లలూ ఫైనల్ ఎగ్జిట్ మీద, ఇక తిరిగి రాకుండా వెళ్లాలి, ఆవిడ ఉండిపోతుంది. కారు భర్త పేరున ఉంది. అది ఇంకొకరి పేరుకు మారితే తప్ప ఎగ్జిట్ రాదు. కొనబోయేది ఒక కడప డ్రైవరు. నజ్రాన్‌లో కొత్త పనికి ఆ కారులోనే వెళ్తాడట. గురువారం మధ్యాహ్నం పేరు మార్పు. రిమ్ములు బాగుంటేనే తీసుకుంటానన్నాడు.

నాలుగు రిమ్ములనూ ఏదో తినేసినట్టుంది.

"దేంతో కడుగుతున్నారు సిస్టర్?"

"బ్లీచింగ్ నీళ్లతోనండి. ప్రతి శుక్రవారం. వార్డులో నేలకి వాడేదే. శుభ్రంగా ఉంటాయి కదా అని."

"ఆ శుభ్రమే వీటిని తినేసింది" అన్నాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. నేను మెత్తబడలేదు.

మూడో రిమ్ము మీద ఎర్రగీత ఊరింది. చువ్వ మొదట్లో, లోపలివైపు, రెండంగుళాలు.

మేనేజరు కరీంనగర్ మనిషి. వచ్చి, వంగి చూసి నవ్వాడు. "ఏందన్నా, ఎక్స్‌రే తీస్తున్నవా? లప్పం వెట్టి రంగు కొట్టు. ఎవడన్న బండి కింద పండుకొని చూస్తడా?"

"ఇది నజ్రాన్ దాకా పోయే బండి. వెయ్యి కిలోమీటర్ల పైన."

"నీ ఇఖామాల క్లీనర్ అని ఉన్నది. ఇంజినీర్ అని లేదు గద."

ఆవిడ నా వైపు తిరిగింది. "అన్నయ్యగారూ, రేపు కారు మారకపోతే మా వాళ్ల ఇఖామా గడువు దాటిపోద్దండి. మళ్లీ లెవీ, ఫైను. మీరే ఎలాగోలా చూడండి."

"ఎముక విరిగిందని తెలిసీ దుప్పటి కప్పి ఇంటికి పంపేస్తారా మీ వార్డులో?"

"పంపమండి" అంది. వెంటనే, "కానీ వార్డులో గడువు తీరిందని మా పిల్లల్ని ఎవరూ ఆపరు కదా" అంది.

నా కోపం ఇంకా పెరిగింది. ఒక తల్లి చేత ఆ మాట అనిపించిన గడువు మీద, దాన్ని అడ్డం పెట్టుకుని లప్పం పూయమంటున్న మనిషి మీద.

మధ్యాహ్నం భోజనం మానేసి పాత కార్ల తుక్కు యార్డుకు వెళ్లాను. మూడు యార్డులు తిరిగితే అదే మోడలు రిమ్ము ఒకటి దొరికింది. తెచ్చి, ఇసుకతో కొట్టి, ఎర్ర ద్రవంతో చూశాను. గీత లేదు. పగిలిన దాని మీద చాక్‌పీసుతో ఇంటూ గుర్తు పెట్టి, ఓవెన్ వెనక పడేసి, నాలుగూ పూర్తిచేసే తొందరలో పడ్డాను. గురువారం పదకొండింటికి కారు వెళ్లింది. పేరు మారిందని సాయంత్రం ఆవిడ ఫోన్ చేసి చెప్పింది.

శనివారం ఉదయం చూస్తే ఓవెన్ వెనక రిమ్ము లేదు. కలిపిన లప్పం రేకు మీద గట్టిపడి ఉంది.

"అమ్మిన" అన్నాడు మేనేజరు. "ఒక్కటి తక్కువైందని ఎవడో అడిగిండు. మస్తు మెరిసింది తెలుసా."

"ఎవరికి?"

"పేర్లు రాసుకుంట కూసుంటనా? నాకేమన్న నీ లెక్క డైరీ ఉన్నదా?"

"మనిషి చస్తే?"

"నువ్వే గద బయట వారేసినవ్. నేను తుక్కుల కెల్లి తీసుకున్న."

అతన్ని కొట్టలేదు. కొట్టనందుకు ఇప్పటికీ సంతోషం లేదు. అయితే అతని మాటలో నాకు గుచ్చుకున్నది నిజమే. చాక్‌పీసు గుర్తు తడిగుడ్డతో పోతుంది. కోత యంత్రం ఐదడుగుల దూరంలో ఉంది. రిమ్మును రెండు ముక్కలు చేయడానికి మూడు నిమిషాలు చాలు. ప్రతి నిమిషాన్నీ డైరీకెక్కించే నేను ఆ మూడు నిమిషాలు ఖర్చు చేయలేదు. కడప డ్రైవరు బండి కింది నుంచి తీసిన పగులును, పేరు కూడా తెలియని ఇంకొకడి బండి కింద పెట్టాను.

ఆ నెలాఖరుకు నా ఇఖామా రెన్యూ కాదని తేలింది. ఎగ్జిట్ మీద వెళ్లేలోపు ప్రతి సాయంత్రం పార్కింగుల్లో అదే మోడలు కార్లు వెతికాను. మోకాళ్ల మీద కూర్చుని, టార్చి వేసి, చువ్వల లోపలివైపు చూసేవాణ్ణి. సెక్యూరిటీ వాళ్లు రెండుసార్లు పట్టుకుని, దొంగవా అని అడిగారు. డైరీ చివరి పేజీలో వాటి లెక్క ఉంది: చూసిన కార్లు 63, చూసిన రిమ్ములు 252. ఆ రిమ్ము దొరకలేదు.