అడగడం మానేసిన అక్క

అక్క పోయిన సంగతి బావ ఫోన్ చేసి చెప్పాడు. ఆయన ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి, ఎప్పుడు ఫోన్ చేసినా బస్టాండులో నిలబడి పిలుస్తున్నట్టే గట్టిగా మాట్లాడతాడు. ఆ పొద్దున మాత్రం మాట సరిగ్గా వినపడలేదు. "ఏంది బావా?" అని మళ్ళీ అడిగాను. "మీ యక్క పోయింది నాయనా. ఒంగోలుకు తీసుకపోతా ఉంటిమి. పొదిలి కూడా దాటలా" అన్నాడు. పొద్దున్నే నీళ్ళ క్యాను లోపల పెట్టబోయి గుమ్మంలో కూలబడిందట. అంబులెన్సులో ఒకసారి కళ్ళు తెరిచి, ఎక్కడున్నామని అడిగిందట. అవే చివరి మాటలు.

ఆమె నాకు రక్తసంబంధం కాదు. మార్కాపురంలో మా కేబుల్ టీవీలో సాయంత్రం పూట లోకల్ వార్తలు చదివేది. నేను కెమెరా పట్టేవాణ్ణి, ఎడిటింగ్ చేసేవాణ్ణి. ఊళ్ళో చిన్నా పెద్దా అందరికీ ఆమె వార్తలక్కే. కూరగాయల దుకాణంలో కూడా "వార్తలక్కా, ఈపొద్దు కరెంటు ఎప్పుడు పోతాది?" అని అడిగేవాళ్ళు. ఆమె విసుక్కోకుండా చెప్పేది.

మా స్టూడియో అంటే బడి పలకల గోడౌను పక్కన ఒక చిన్న గది. గోడకు నీలం గుడ్డ, రెండు లైట్లు, ఒక బల్ల. ఫ్యాను వేస్తే ఆ చప్పుడు రికార్డవుతుందని ఆపేసేవాళ్ళం. ఎండాకాలం ఆ గదిలో కూర్చుని నవ్వుముఖంతో వార్తలు చదవడం ఎంత కష్టమో చూసిన నాకు తెలుసు. ఇస్త్రీ చీర, బొట్టు, చెవులకు కమ్మలు అన్నీ ఉండేవి. బల్ల కింద మాత్రం అరిగిపోయిన హవాయి చెప్పులు. చదివే ముందు వేడినీళ్ళు తాగేది. ఊరి పేరు ఏదైనా కొత్తగా వస్తే ఆ ఊళ్ళో ఎవరికో ఒకరికి ఫోన్ చేయించి, "మీ ఊరి పేరు ఒకసారి పలకండన్నా" అని విని, తానూ పలికి చూసుకునేది. "ఊరి పేరే తప్పు చదివితే ఆ ఊరోళ్ళు మన వార్త ఏం నమ్ముతారు తమ్ముడూ" అనేది. నాకు ఈ పనిలో ఎవరూ పాఠం చెప్పలేదు. ఇట్లాంటి మాటలే నా చదువు.

వార్తల చివర సాయం అడగడం ఆమె మొదలుపెట్టిందే. ఎవరికో రక్తం కావాలని, ఎవరిదో గుడిసె కాలిపోయిందని, తప్పిపోయిన ముసలాయన కనపడితే చెప్పమని. మొదట్లో అవి చిన్న చిన్న మాటలు. ఆ తర్వాత పుల్లలచెరువు వైపు నుంచి ఒక పాప వచ్చింది.

అడవి అంచున ఉండే ఊరు వాళ్ళది. జీవాలు మేపుకునే కుటుంబం. పాప గుండెకు రంధ్రం ఉందని డాక్టర్లు చెప్పారు. తండ్రి గొర్రెలు చాలావరకు అమ్మేశాడు, అయినా ఆపరేషన్‌కు చాలలేదు. తల్లీతండ్రీ పాపను ఎత్తుకుని మా గదికి వచ్చారు. ఆ పాప కెమెరాకు భయపడలేదు. అక్క చేతిలో మైకు లాక్కుని, "నాకు ఆయాసం తగ్గితే మా గొర్రెపిల్లతో పరిగెత్తుతా" అని చెప్పింది. పెదవులు నీలంగా ఉన్నాయి, ముఖమంతా నవ్వు. పక్కన తల్లి వెక్కివెక్కి ఏడ్చింది.

ఆ సాయంత్రం అక్క రాసిన కాగితం పక్కన పెట్టేసింది. నేరుగా కెమెరాలోకి చూసి, "ఈ పాప మనింట్లో పుట్టుంటే మనం ఏం చేసేవాళ్ళమో అదే చెయ్యండి" అంది. గొంతు పట్టేసింది. నేను రికార్డింగ్ ఆపలేదు.

మరుసటి రోజు పొద్దుటికే గది ముందు జనం. రిక్షా తొక్కేవాళ్ళు, టీచర్లు, పలకల పనికి పోయే ఆడవాళ్ళు. హైస్కూలు పిల్లలు డబ్బాలు పట్టుకుని బజారంతా తిరిగారు. పాపకు ఆపరేషన్ అయింది. బతికింది.

అందరూ సంబరపడుతుంటే మా ఛానల్ నడిపే సారు ఒక్కడు అక్కను కూర్చోబెట్టి చెప్పాడు. మంచి మనిషే ఆయన, ఆ పాపకు తానూ ఇచ్చాడు. "అమ్మా, మనం వార్త చెప్పేవాళ్ళం. జోలె పట్టేవాళ్ళం కాదు. ఈరోజు ఒకరికి పడితే రేపు ఇంకొకరికి పట్టకపోవడం ఎట్ల?"

"జోలె నేను పట్టలేదు సార్. ఆ తల్లి పట్టింది. ఆమె నలుగురికీ కనపడేట్టు చేసినా, అంతే" అంది అక్క.

"ఎవరు కనపడాలో నువ్వు ఎంచుతా ఉండావు కదా. అది వార్త పని కాదు."

"కళ్ళ ముందర బిడ్డకు ఆయాసం వస్తా ఉంటే వార్త పని ఏంది, కాని పని ఏంది అని చూస్తామా సార్?"

ఆ రోజు నేనూ అక్క పక్షమే.

కొన్ని నెలలకు బేస్తవారిపేట దగ్గరి పల్లె నుంచి ఒకామె కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. ఆ పిల్లవాడిదీ గుండె జబ్బే, పాప ఈడువాడే. టీవీలో పాపను చూసి వచ్చామని చెప్పింది. వీళ్ళది సేద్యం చేసుకునే కుటుంబం, కాస్త భూమి ఉంది. బోరు ఎండిపోయాక దాంట్లో కంది కూడా పండటం లేదు.

పిల్లవాడు నోరు తెరవలేదు. అక్క ఎంత బుజ్జగించినా తల్లి వీపు వెనక ముఖం దాచుకున్నాడు. తల్లి ఏడవలేదు. రేషన్ దుకాణంలో అడిగినదానికి జవాబు చెప్పినట్టు, ఏ ఆసుపత్రి, ఏ డాక్టరు, ఏమన్నారు, అన్నీ వరసగా చెప్పి చేతులు కట్టుకుని నిలబడింది. ఆమె ఎంత ధైర్యం తెచ్చుకుని వచ్చిందో అప్పుడు మాకు తోచలేదు.

అక్క ఆ సాయంత్రం చదివింది. తర్వాత మళ్ళీ చదివింది. వచ్చిన సాయం కొంచెమే. ఫోన్లు మాత్రం వచ్చాయి. "మొన్ననే కదక్కా ఇచ్చినాము" అని కొందరు. "భూమి ఉందంట కదా, అమ్ముకోమని చెప్పు" అని కొందరు. నీళ్ళు లేని చేను ఎవరు కొంటారని అక్క ఫోన్లో ఒకాయనతో పోట్లాడింది కూడా. మూడోసారి చదివేటప్పుడు ఆమె గొంతులో ఒక వణుకు తెచ్చుకోబోయి ఆగిపోవడం నేను కెమెరాలోంచి చూశాను. చదవడం అయ్యాక లైట్లు ఆర్పమంది. చాలాసేపు ఆ బల్ల దగ్గరే కూర్చుంది.

ఆపరేషన్ తేదీ ఇంకా ఖాయం కాకముందే పిల్లవాడు పోయాడు.

దినం అయిపోయిన తర్వాత అక్కా నేనూ బస్సెక్కి ఆ ఊరు వెళ్ళాం. కెమెరా తీసుకుపోలేదు. ఆ ఇంటి ముందు చింతపండు ఎండబోసి ఉంది. ఆ తల్లి మమ్మల్ని చూసి లేచి, చాప వేసి, చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. అక్క నీళ్ళు పట్టుకుని కూర్చుంది, తాగలేదు. ఆ తల్లి మళ్ళీ చింతపండు గింజలు తీయడంలో పడింది. తర్వాత తల ఎత్తకుండానే అడిగింది.

"ఆ పాపకు వచ్చినట్టు మావోనికి రాలేదు. నేను సరిగ్గా ఏడ్వలేదా అక్కా?"

అందులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. బిడ్డ కోసం చేయాల్సిన పని ఏదో తనకు తెలియక చెడగొట్టుకుందేమోనని అడుగుతోంది. అక్క ఆమె చెయ్యి పట్టుకుంది. కాసేపటికి తానూ ఆ చింతపండు ముందుకు జరిగి గింజలు తీయడం మొదలుపెట్టింది. మేము తిరుగు బస్సు ఎక్కేదాకా ఇద్దరూ ఆ పనే చేశారు.

బస్సులో నేను ఉండబట్టలేక, "ఆ పాప బతికింది కదక్కా" అన్నాను.

"బతికింది. అందుకే ఏమీ తేల్చుకోలేకపోతా ఉండా" అంది.

ఆ తర్వాత అక్క వార్తల్లో ఫలానా మనిషికి సాయం చెయ్యండని అడగడం మానేసింది. రక్తం కావాలంటే గ్రూపు, ఆసుపత్రి మాత్రం చదివేది. పేరు లేదు, ఫోటో లేదు, కన్నీళ్ళు లేవు. "ముఖం చూసి ఇచ్చేవాళ్ళు ముఖం నచ్చకపోతే ఇవ్వరు" అనేది. అట్లా అడిగితే తక్కువమంది వచ్చేవాళ్ళు. ఆ సంగతి ఆమె ఎవరి దగ్గరా దాచలేదు, తాను చేసిందే సరైనదని వాదించనూ లేదు. అక్కకు గర్వం పెరిగిందని ఊళ్ళో అన్నారు. సారు కూడా ఒకసారి, "నేను అంతగా మానేయమని చెప్పలేదమ్మా" అన్నాడు. ఛానల్ వార్షికోత్సవానికి పుల్లలచెరువు పాపను పిలిచి కెమెరా ముందు కూర్చోబెడదామని ఆయన అంటే అక్క ఒప్పుకోలేదు. "ఆ బిడ్డ ఇంక వార్త కాదు సార్. బడికి పోనియ్యండి" అంది.

త్రిపురాంతకం నుంచి కూతురి జబ్బు కాగితాలు పట్టుకుని వచ్చిన ఒక తండ్రిని మరిచిపోలేను. "ఒక్కసారి నువ్వు చెప్తే చాలు కదమ్మా, నీ నోటి మాటకేం ఖర్చయితాది?" అని దణ్ణం పెట్టాడు. అక్క ముఖం పాలిపోయింది. అయినా చెప్పలేదు. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ మధ్యాహ్నమంతా ఆసుపత్రులకు ఫోన్లు చేసింది. ప్రభుత్వ పథకంలో ఆ జబ్బు ఉందో లేదో కనుక్కుంది. లీవు పెట్టి ఆయన వెంట గుంటూరు వెళ్ళింది. మళ్ళీ వెళ్ళింది. ఆ పిల్లకు వైద్యం అందింది కానీ ఆలస్యమైంది, ఒక కన్ను చూపు దక్కలేదు. టీవీలో అడిగి ఉంటే ముందే అయ్యేదేమో. ఆ మాట నేను అనలేదు. అక్కే అంది, ఒకరోజు టీ తాగుతూ. అని, గ్లాసు కింద పెట్టి, "అప్పుడు ఇంకెవరికి ఆలస్యమయ్యేదో మనకు తెలిసేది కాదు" అంది.

అప్పటినుంచి ఆమె బల్ల ముందు ఎప్పుడూ ఎవరో ఒకరు కూర్చుని ఉండేవారు. వార్తల పని ఒకటైతే ఈ పని ఇంకొకటి. బావ కూడా తన బస్సులో పోయే రోగులకు ఏ గేటులో దిగాలో, ఎవరిని కలవాలో చెప్పి పంపేవాడు. పెద్దాసుపత్రిలో మన వైపు వాళ్ళకు గుండె వైద్యం ఎందుకు లేదు, పడమటి పల్లెలకు నీళ్ళ ట్యాంకరు ఎందుకు పోవడం లేదు అని అక్క వార్తల్లో అడిగేది. "ఒక మనిషికి పెట్టమని అడగడం సులువు తమ్ముడూ. అందరికీ పెట్టమని అడిగితే వినేవాళ్ళకు నిద్ర వస్తాది" అని నవ్వేది. వాళ్ళకు నిద్ర వచ్చినా ఆ వార్తలు చదవడం మానలేదు.

తర్వాత కేబుల్ పోయి అందరూ ఫోన్లలో చూడటం మొదలైంది. మా గది మూతపడింది. నేను పెళ్ళిళ్ళ వీడియోలు తీసుకుంటున్నాను. ఇప్పుడు ఫోన్ తెరిస్తే ఏడుస్తున్న తల్లులు, ఆసుపత్రి మంచాల మీద పిల్లలు, కింద నంబర్లు. పెద్ద ఛానళ్ళలో యాంకర్లు కన్నీళ్ళు తుడుచుకుంటూ అడుగుతారు. వాళ్ళను తప్పు పట్టే నోరు నాకు లేదు, ఒక పాప బతకడం కళ్ళారా చూసినవాణ్ణి. కానీ ఆ నంబరు మీద వేలు పెట్టేటప్పుడు చింతపండు గింజలు తీస్తున్న చేతులు గుర్తొచ్చి ఆగుతాను. కొన్నిసార్లు పంపుతాను. కొన్నిసార్లు పంపను. ఎందుకో చెప్పమంటే చెప్పలేను.

అక్క పోయిన రోజు చివరిచూపుకు చాలామంది వచ్చారు. పుల్లలచెరువు పాప వచ్చింది, ఇప్పుడు నర్సింగు చదువుతోంది. సారు వచ్చి కాళ్ళ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. అంతా అయిపోయి మనుషులు పలచబడ్డాక బేస్తవారిపేట నుంచి ఆ తల్లి వచ్చింది. బస్సు దొరకలేదట. దహనం అయిపోయిందని చెబితే తల ఊపి, గోడకు ఆనుకుని కూర్చుంది. జుట్టు పూర్తిగా నెరిసింది.

కాసేపటికి నన్ను గుర్తుపట్టి దగ్గరికి పిలిచింది. "నాయనా, ఆమె టీవీలో చదివేది నీకాడ ఏమన్నా ఉందా?" అని అడిగింది.

కొడుకు కోసం చదివిన రోజుది అడుగుతోందనుకున్నాను. "అది... అమ్మా..." అన్నాను.

"మావోనిది వద్దులే. ఊరికే వార్తలు చదివేది చూపియ్యి."

ఫోన్లో వెతికితే పాత బులెటిన్ ఒకటి దొరికింది. ఆమె చేతికిచ్చాను. నీలం గుడ్డ ముందు అక్క, మిర్చి ధర చెబుతోంది. ఏ ఫీడరు లైను కింద ఏ ఊళ్ళకు కరెంటు ఎప్పుడు ఉండదో చదువుతోంది, ఒక్కొక్క ఊరి పేరూ నిదానంగా, తప్పు పోకుండా. ఆ తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఫోన్ ఇంకో చేత్తో ముఖం దగ్గరగా పట్టుకుని విన్నది. మధ్యలో వాళ్ళ ఊరి పేరు వచ్చింది. ఆమె పెదవులు కదిలాయి, అక్కతో పాటు ఆ పేరు మెల్లగా పలికింది.