పావలాకి ఇరవై ఐదు

మొన్న బస్సులో అల్లూరు మీదుగా వెళ్తుంటే కిటికీలోంచి వేడి తవుడు వాసన కొట్టింది. పక్క సీటాయన ముక్కు మూసుకున్నాడు. నేను గుండెల నిండా పీల్చుకున్నాను. పత్రికల్లోకి రాకముందు అక్కడి రైసుమిల్లులో హాజరు గుమాస్తాగా పనిచేశాను. మా హెడ్ గుమాస్తా జయరత్నం గారు. ఉతికిన తెల్ల పంచె, చంకలో గొడుగు, ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునే గొంతు. కూలి లెక్క కూడా ఆ గొంతుతోనే చెప్పేవారు.

కోతలయ్యాక వడ్లు వచ్చిపడే రోజుల్లో మిల్లు బాగా పొద్దుపోయేదాకా ఆడేది. అదనపు గంటకు రెట్టింపు కూలి. ఆ లెక్క పనివాళ్లకు అందేది కాదు. కాషియరు చేతిలో పెట్టిందే కూలి. జయరత్నం గారికి అది గిట్టేది కాదు. శనివారం కూలి బట్వాడాకు ముందు అందరినీ వడ్లు ఆరబోసే కళ్లంలో కూర్చోబెట్టి, ఎవరికెంత రావాలో వాళ్ల నోటితోనే అంచనా చెప్పించేవారు. అదనపు గంట ఒక్కోదాన్నీ రెండుగా ఎంచి మామూలు గంటల్లో కలపమనేవారు. ఇంజను దగ్గర పనిచేసే కోటయ్యకు గంటకు పావలా. ఒక వారం నలభై ఎనిమిది గంటల పైన ఇంకో పది చేశాడు.

"పదంటే ఇరవై. మొత్తం అరవై ఎనిమిది పావలాలు. ఎంతయ్యా కోటయ్యా?"

"పదిహేడు సామీ."

"చేతికి రాకముందే నోట్లో ఉండాల అబ్బయా కూలి. లేకపోతే అది కూలి కాదు, ధర్మం."

రూపాయికి పదహారణాలు పోయి నూరు నయాపైసలు కొత్తగా వచ్చిన రోజులవి. ఆ శనివారం కాషియరు కోటయ్యకు పదహారు రూపాయల ముప్పైరెండు పైసలు ఇచ్చాడు. కోటయ్య కూలిచ్చే కిటికీ ముందునుంచి కదల్లేదు. పదిహేడు రావాలన్నాడు. ఇంజనుకు నూనె పోసేవాడివి నువ్వా నాకు లెక్క చెప్పేది అని కాషియరు ఎగతాళి చేశాడు. వెనకున్న వాళ్లూ తమ తమ అంకెలు చెప్పారు. అందరికీ తగ్గింది. ఎవరూ డబ్బు ముట్టలేదు. కాషియరు యజమాని రెడ్డి గారికి బావమరిది. హెడ్ గుమాస్తా కూలోళ్లను ఎగదోస్తున్నాడని కబురు పంపాడు. జయరత్నం గారి కాపురం కూడా మిల్లువాళ్లు ఇచ్చిన ఇంట్లోనే. ఉద్యోగం పోతే ఇల్లూ పోతుంది.

రెడ్డి గారు వచ్చారు. లెక్క ఎట్లా కట్టావని జయరత్నం గారు కాషియరును నెమ్మదిగా అడిగారు. అణాకు ఆరు పైసలు, నాలుగణాలకు ఇరవై నాలుగు అన్నాడతను. బజార్లో చాలామంది చేస్తున్న పొరపాటే.

"ఒక్క అణా మారిస్తే ఆరే. నాలుగూ కలిస్తే పావలా. పావలాకి ఇరవై ఐదు. గంటకో పైసా యాడికి పోయినట్టు?" అన్నారు జయరత్నం గారు.

రెడ్డి గారు జేబులోంచి పావలా తీసి కోటయ్యకు చూపించారు. "బజార్లో దీనికెంతిస్తార్రా?"

"ఇరవై ఐదు సామీ."

"పదిహేడు ఇయ్యి బామ్మర్దీ" అని ఆయన నవ్వేశారు.

కోటయ్య డబ్బు తీసుకుని, కళ్లమంతా వినబడేట్టు "పదిహేడు" అన్నాడు. అతని వెనక ప్రతివాళ్లూ తమ అంకెను పైకి చెప్పుకుంటూ కిటికీ దగ్గర నుంచి వచ్చారు. బట్వాడా కాదు, తిరునాళ్లలా ఉంది. జయరత్నం గారు గుమ్మంలో నిలబడి ఒక్కో అంకెకూ తలాడించారు. పై శనివారం కాషియరు కిటికీ తీయకముందే వరస అంతా అంకెలు వల్లిస్తోంది.

తరవాత ముప్పై ఏళ్లు పత్రికాఫీసులో పనిచేశాను. కరువు సాయమనీ, రోడ్డు ఖర్చనీ ఎన్నో పద్దులు బల్ల మీదికొచ్చేవి. ఇప్పటికీ ఏ పద్దు చూసినా అడుగున ఉన్న మొత్తాన్ని బొటనవేలితో మూసి, ఎంతుండాలో ముందు నేను అనుకుంటాను. వేలు తీసి చూస్తే చాలాసార్లు దగ్గరగానే ఉంటుంది. లేనప్పుడు, పద్దు రాసినవాళ్లను అడగడానికి ఫోను అందుకుంటాను.