అండాలు చెప్పిన రెండో కారణం

1964. దేవరకొండ తాలూకా కచేరీ ఎదుట నాకొక టైపు మిషను, రెండు కుర్చీలు ఉండేవి. ఇంగ్లీషు అర్జీలు కొట్టివ్వడం నా పని. కాగితాల నడుమ నల్లటి కార్బన్ పెట్టి ఒకేసారి రెండు ప్రతులు తీసేవాణ్ణి. తప్పు దొర్లితే రెండూ దిద్దాలి. అందుకే నాకు పొట్టి అర్జీలంటే ఇష్టం.

ఆ వేసవి చివర అండాలు అనే పిల్ల, మగ్గం నేసే తండ్రితో కలిసి వచ్చింది. హైదరాబాదులో పెద్ద యూనివర్సిటీలో బీఎస్సీ సీటు వచ్చిందట. ఆడపిల్లల హాస్టల్లో గది దొరికితేనే పంపుతానని తండ్రి పట్టు. దగ్గరి కాలేజీ వదిలి అంతదూరం ఎందుకో రాసి పంపమని హాస్టలువాళ్లు అడిగారు.

"రాయుండ్రి సార్. ఒకటి, గక్కడ ల్యాబు పెద్దది. మా నూలుకు అద్దిన రంగు ఎందుకు దిగుతాందో నేర్సుకోవాలె. రెండు, నాకు పట్నం గావాలె. బస్సెక్కి తిరగాలె, లైబ్రరీల కూసోవాలె, ఎవలి బిడ్డవని అడగని బజార్ల నడవాలె."

తండ్రి గొంతు తగ్గించి, "గా రెండోది ఇడిసిపెట్టు సారూ, నవ్వుతరు" అన్నాడు.

నాకూ అదే సబబనిపించింది. మొదటి కారణం ఒక్కటే కొట్టి సంతకం పెట్టమన్నాను. ఆ పిల్ల చివరిదాకా చదివింది.

"సగమే ఉన్నది సార్."

"పట్నం మోజని రాస్తే గది ఇయ్యరు బిడ్డా" అన్నాను.

"అబద్ధం జెప్పి గది దీసుకుంటే, రోజూ గా అబద్ధం మీదనే పండుకోవాలె గద."

సణుక్కుంటూ మళ్లీ మొత్తం కొట్టాను. పది రోజులకు జవాబు పట్టుకుని ఇద్దరూ మళ్లీ వచ్చారు. పట్నం సరదా ఉన్న పిల్లకు గది ఇవ్వలేమన్నారు. తండ్రి కుర్చీలో కూలబడ్డాడు. నిజం చెప్పొద్దూ, నా మాటే నెగ్గిందని లోపల సంతోషపడ్డాను. సిగ్గులేని సంతోషం అది.

అండాలు మాత్రం నిలబడే ఉంది. "మళ్ల కొట్టుండ్రి సార్. గీసారి పట్నం మాట ముందు వెట్టుండ్రి. పట్నం గంత చెడ్డదైతే మీ హాస్టలు గక్కడెందుకు వెట్టిండ్రని కింద అడుగుండ్రి."

తండ్రి వైపు చూశాను. ఆయన కుర్చీ నా మిషను దగ్గరికి జరుపుకుని, "కొట్టు సారూ, అది జెప్పినట్టే కొట్టు" అన్నాడు. ఒక్క అక్షరం తగ్గించకుండా కొట్టాను. వేళ్లు నొప్పి పుట్టేంత గట్టిగా కొట్టాను.

గది ఇచ్చారు. ఎందుకు మనసు మార్చుకున్నారో రాయలేదు.

అర్జీ అంటే బతిమాలడమని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. ఆ తర్వాత నా ఎదుట కూర్చున్నవాళ్ల మాట ఒక్కటీ కత్తిరించలేదు. చదువుతో పాటు పట్నం కూడా కావాలనడం తప్పయితే, పట్నంలో పుట్టినవాళ్లంతా ముందు సంజాయిషీ రాసివ్వాలి. కూర్చోమనండి, నేనే కొట్టి ఇస్తాను.