చెయ్యెత్తని తరగతి

2008 వానాకాలం, ఆదివారం సాయంత్రం. వనపర్తి నెట్ సెంటర్‌లో ఉన్నవాళ్లం ముగ్గురం: రిటైరైన సైన్సు సారు, ఆయనతో పనిచేసిన నేను, సెంటర్ నడిపే అమ్మాయి.

బడి వదిలాక సారు పాఠం వినేవారు లేరు. అందుకే బ్లాగు నేర్చుకున్నారు. రాసే ముందు నల్లబల్ల తుడిచినట్టు కండువాతో స్క్రీను తుడిచేవారు. ప్రతి పాఠం చివర తరగతిలో అడిగినట్టే రాసేవారు: "అర్థం కానివాళ్లు చేతులెత్తండి."

ఆ రోజు గ్రహణం పాఠం తెరిచారు.

"ఏమన్న వచ్చినయా బిడ్డా?"

"ఒక్క కామెంటు గూడ లేదు సార్. ఎవరు సదువుతలేరేమో."

"గట్లెందుకంటవ్? ఎవ్వరు చెయ్యెత్తలేదంటే అందరికి అర్థమైనట్టే గద!" అని నవ్వారు. వెళ్తూ తలుపు దగ్గర ఆగి, మళ్లీ స్క్రీను వైపు చూశారు.

మర్నాడు పొద్దున నేనొక్కడినే వెళ్లాను. ఆ అమ్మాయి చూపించగా ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఆ పాఠం కింద రాశాను: "సార్, నాకు అర్థం కాలేదు. మల్ల చెప్పుండ్రి."