రెండో పూత

ఆయన వద్దన్నాడు కనుక ఇక్కడ పేరు రాయడం లేదు. మా శ్రీకాకుళం కాలేజీ ల్యాబులో అటెండరు, పొందూరు నేత కుటుంబం వాడు. నేను తయారుచేసిన ఏ ప్లాస్టిక్‌లాంటి పాలిమరు పొర చేతికిచ్చినా చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా మడిచేవాడు. కాస్త చిటుక్కుమన్నా తల అడ్డంగా ఊపి పక్కన పడేసేవాడు.

కృత్రిమ గుండె కవాటంలో తెరుచుకుని మూసుకునే రేకులను నేను పాలిమరుతో చేస్తున్న రోజులవి. అవి అంచుల దగ్గర పగిలిపోయేవి.

"నూలుకి గంజి ఒక్కపాలే సిక్కగా ఎడితే ఇరిగిపోతాది సారూ," అన్నాడు ఒకరోజు. "పల్సగా ఎట్టాల. ఏలికి అంటీ అంటనట్టున్నప్పుడు మళ్లీ ఎట్టాల."

రేకుల అచ్చును పల్చటి పాలిమరు ద్రావణంలో అలాగే రెండుసార్లు ముంచాం. రేకులు నిలిచాయి.

పేటెంటుకు పెడితే, ఆ పాలిమరు అందరికీ తెలిసిందే, మీరు కొత్తగా చేసిందేమిటని పేటెంటు ఆఫీసువాళ్లు అడిగారు. ఆ పూత పద్ధతినే చూపించాను. దాని మీదే పేటెంటు వచ్చింది, నా ఒక్కడి పేరున.

దరఖాస్తు పెట్టే ముందు ఆయన, "నా పేరు కూడా ఉంటాదేటి సారూ?" అన్నాడు. డిగ్రీ ఉన్నవాళ్ల పేర్లే రాస్తారని చెప్పాను. అలాంటి నిబంధనేదీ లేదు.

పోయిన నెల, ఆయన రిటైరైన ఇన్నేళ్లకు, ఇంటికి వెళ్లి ఆ అబద్ధం ఒప్పుకున్నాను.

"తెలుసు సారూ. ఆ ఫారం జిరాక్సు తీయించింది నేనే. అందులో సదువు రాసే గడే లేదు."

"మరి అప్పుడే అడగాల్సింది కదా?"

"అడిగాను కదా సారూ," అన్నాడు.