మిద్దె మీద చేపల పులుసు

కీమో మొదలయ్యాక తాలింపు వాసన తగిలితే చాలు, నాకు కడుపులో తిప్పేస్తోంది. చల్లారిన ఇడ్లీ, పెరుగన్నం కొంచెం కొంచెంగా తింటూ నెట్టుకొస్తున్నాను. ఈ ఎడారి దేశంలో, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో, వాటాలుగా అద్దెకిచ్చిన విల్లాలో ఉంటున్నాం; పక్క వాటాలో జగిత్యాల నుంచి వచ్చిన లక్ష్మి వాళ్లుంటారు. శుక్రవారం చేపల పులుసు లేనిదే వాళ్లకు ముద్ద దిగదు. కీమో మొదలయ్యాక ఏ శుక్రవారమూ ఆ వాసనే రాలేదని ఈ రోజే గమనించాను. లక్ష్మి గుమ్మంలో కనిపిస్తే అడిగాను.

"చేపలు వండలేదా?"

"వండిన అక్కా. మీకు వాసన పడ్తలేదని మా ఆయన కరెంటు పొయ్యి మిద్దె మీద పెట్టిండు. మీ మొదటి కీమో సంది ఆడనే వండుతున్న," అంది చెమట తుడుచుకుంటూ.

ఈ ఎండల్లో, మిద్దె మీద!

"ఇంట్లోనే వండుకో లక్ష్మీ, నేను తలుపులు వేసుకుంటాను."

"మీరు తిన్నది కడుపుల నిలవాలె గదక్కా. పులుసుదేముంది, యాడ వండినా పులుసే."

సాయంత్రం పెరుగన్నం గిన్నెడు తిన్నాను. ఇప్పటిదాకా కడుపులోనే ఉంది.

వాసన రాకుండా చేపలు వండే ఉపాయం ఎవరికైనా తెలిస్తే దయచేసి చెప్పండి. లక్ష్మిని మిద్దె దించాలి.