నిజం చెప్పిన గుర్రం

మొన్న ఆదివారం మచ్చ బొల్లారంలో అక్క వాళ్ళింటి ముందుగదిలో ఉన్నవాళ్ళు: అక్క, బావ, వాళ్ళమ్మాయి, నేను. ఉన్నవి: పళ్ళెంలో సగం తిన్న సర్వపిండి, గిన్నెలో పెరుగు, రెండు కుర్చీలు, ఒక చాప, చప్పుడు తగ్గించే మీట పనిచేయని టీవీ. టీవీలో పిల్లల బొమ్మల సినిమా ఏదో వస్తోంది. తెర నిండా ఒక కోట, కోట గుమ్మం ముందు చక్రాల మీద నిలబెట్టిన చెక్క గుర్రం. "బాపూ, గా గుర్రం కడుపుల ఏమున్నది?" అని పిల్ల అడిగింది. బావ లేచి పెరట్లోకి వెళ్ళి, పొద్దున్నే తడిపిన మల్లెచెట్టుకు మళ్ళీ నీళ్ళు పోయడం మొదలుపెట్టాడు. అక్క నా వైపు చూసి, "పదేండ్లు దాటె తమ్మీ. గా గుర్రం ఇంక ఈ ఇంట్లకెళ్ళి పోతలేదు" అంది.

పిల్ల అడిగిన ప్రశ్నకు జవాబు చాలామందికి తెలుసు. గ్రీకులు ఒక ఊరిని పదేళ్ళు ముట్టడించి, గెలవలేక, చెక్కతో పెద్ద గుర్రాన్ని చేసి, లోపల సైనికులను దాచి, గుమ్మం ముందు వదిలి వెళ్ళిపోయినట్టు నటించారు. ఊరివాళ్ళు సంబరంగా దాన్ని లోపలికి లాక్కున్నారు. ఊరు కాలిపోయింది. ఇది ప్రపంచమంతా చెప్పుకునే కథ. శామీర్‌పేటలో మాత్రం వేరేగా చెప్పుకుంటారు. అలా కావడానికి కారణాలను నేను చాలాసార్లు ఒకటీ రెండూ అని లెక్క వేసుకున్నాను. ఎన్నిసార్లు వేసినా తప్పు ఎవరిదో తేలదు. నాకు చిరాకు అక్కడే.

బావ అప్పట్లో మేడ్చల్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పేవాడు. గ్రీకులన్నా రోమన్లన్నా ఆయనకు ప్రాణం. పాఠ్యపుస్తకంలో వాళ్ళకిచ్చిన చోటు రెండు పేజీలైతే బావ రెండు నెలలు చెప్పేవాడు, అదీ నవ్వించి చెప్పేవాడు. గ్రీకు దేవతలంటే ఒకే పొయ్యి మీద వండుకునే తోడికోడళ్ళు, ఎవరి కోపం ఎవరి కూరలో ఉప్పవుతుందో తెలియదు అనేవాడు. రోమన్ల పెద్దల సభ అంటే పాలకేంద్రం మీటింగు, అందరూ నీళ్ళు కలిపినవాళ్ళే, అందరూ చిక్కదనం గురించే మాట్లాడతారు అనేవాడు. క్లాసు పగలబడి నవ్వేది. ఆ నవ్వులో పాఠం కూడా లోపలికి పోతుందని ఆయన నమ్మకం. ఒకసారి పరీక్ష పేపర్లో ఒక కుర్రాడు "రోమన్ పెద్దలు తెల్లవారుజామునే క్యాన్లతో సభకు వచ్చెడివారు" అని రాశాడు. బావ సగం మార్కు వేశాడు. ఎందుకని అడిగాను. "తెల్లారంగనే వచ్చేటోళ్ళన్నది నిజమే గద బామ్మర్దీ" అన్నాడు. నేను డిప్లొమా మెకానికల్ చదివినవాణ్ణి. మాకు సగం సరైన కొలత అంటూ ఉండదు. ఆ విషయం మీద ఇద్దరం ఒక పూట మాట్లాడుకోలేదు.

ఒక ఏడాది పరీక్షలైపోయాక కాలేజీ కరస్పాండెంటు బావను పిలిచాడు. "సార్, మీ గ్రూపుల బెంచీలన్నీ ఖాళీ. ఫ్యాన్లు మాత్రం తిరుగుతానయ్. జూన్ల పదిహేను మంది రాకుంటే గ్రూపు బందు. నేనేం జేస్త చెప్పుండ్రి" అన్నాడు. గ్రూపు మూతపడితే బావ ఉద్యోగం కూడా పోతుంది. అక్కకు అప్పుడు ఏడో నెల. ఇన్సూరెన్సు పాలసీలు అమ్ముకునే పని ఒకటి చూశానని, పోయి కలిసి రమ్మని అక్క రోజూ పోరేది. బావ పోలేదు. పిల్లలు చరిత్రకు రాకపోతే చరిత్రే పిల్లల దగ్గరికి పోవాలన్నాడు. శామీర్‌పేటలో బాగోతం ఆడిద్దామన్నాడు. మన బాగోతం, గ్రీకుల కథ. చూసినవాళ్ళు నవ్వుతారు, నవ్వి ఇళ్ళకు పోయి పిల్లల్ని చరిత్రలో చేర్పిస్తారు. ఇదీ ఆయన ఆలోచన. ఇందులో మొదటి సగం బాగా జరిగింది.

బాగోతంలో మా వైపు బుడ్డర్‌ఖాన్ అని ఒక హాస్యగాడు ఉంటాడు. రాజును ఎకసెక్కమాడే హక్కు ఉన్నది అతనొక్కడికే. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. వేషం కట్టినవాడు ఎవడైనా సరే, ఆటలోకి అడుగుపెట్టగానే బుడ్డర్‌ఖాన్ ఎదురెళ్ళి, నువ్వెవరు, ఏ ఊరు, ఏ పని మీద వచ్చావు అని అడుగుతాడు. వేషగాడు దాపరికం లేకుండా చెప్పి తీరాలి. దొంగ వేషమైతే నేను దొంగను, ఈ ఇంటికి కన్నం వేయ వచ్చాను అని గొంతెత్తి పాడి, ఆ తర్వాతే కన్నం వేస్తాడు. చూసేవాళ్ళకు వినపడినా కథలోవాళ్ళకు ఆ మాట వినపడనట్టే లెక్క. బుడ్డర్‌ఖాన్‌కు మాత్రం అన్నీ వినపడతాయి. బావకు ఈ పద్ధతి తెగ నచ్చింది. "గ్రీకు పేర్లు, ఊర్లు మనోళ్ళకు ఎట్ల తెలుస్తయని పరేషాన్ అయిన. బుడ్డర్‌ఖాన్ అడుగుతడు, వాళ్ళు చెప్తరు. ఇంక పాఠమే అక్కర్లేదు" అన్నాడు. ఒక్క వేషాన్ని కూడా అడగకుండా వదలొద్దని గట్టిగా చెప్పాడు కూడా. బుడ్డర్‌ఖాన్ వేసేది శామీర్‌పేట చెరువులో వల వేసే మనిషి. ఊరంతా మామ అనేవాళ్ళు, మేమూ అదే అన్నాం. "వదుల్తనా సారూ? వలల వడ్డ షాపను ఇడ్సిపెడ్తగని గిదైతే ఇడువ" అన్నాడు మామ.

గుర్రం పని నాది. మేడ్చల్‌లో నేను పనిచేసే వర్క్‌షాపు వెనకాల, డ్యూటీ అయ్యాక కట్టాను. నీలగిరి కర్రల చట్రం, దాని మీద వెదురు తడకలు, తడకల మీద గోనెసంచులు, సంచుల మీద ఎర్రటి గేరురంగు. పాత తోపుడు బండి చక్రాలు నాలుగు. చిరిగిన వలతో తోక, అది మామ ఇచ్చింది. కడుపు కింద తలుపు, దానికి బందులు, లోపలివైపు గడియ. ఇద్దరు మనుషులు కూర్చునే చోటు. తలుపు తెరిచినప్పుడు కిర్రుమనకూడదని బందులకు గ్రీజు పెట్టాను. రహస్యంగా దిగాల్సిన సైనికులు చప్పుడు చేస్తే కథే ఉండదు కదా అనుకున్నాను. ఆ తలుపు కోసం పడ్డ శ్రమ తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

రిహార్సల్సు కాలేజీ రేకుల షెడ్డులో జరిగాయి. గుర్రం ఇంకా తయారు కాలేదు కాబట్టి దాని బదులు ఒక బెంచీ పెట్టుకున్నారు. బెంచీని ఎవరూ ఏమీ అడగలేదు. కథ గుర్రం దాకా వచ్చేసరికి బావ "ఇక్కడ గుర్రం వస్తది, లాగుతరు, తర్వాత" అనేవాడు. అందరూ తర్వాతకు పోయేవాళ్ళు. కడుపులో కూర్చోవాల్సిన ఇద్దరూ అలియాబాద్ నుంచి వచ్చిన అన్నదమ్ములు. రాజులు, రాక్షసులు, మునులు అన్నీ కట్టినవాళ్ళు. గట్టి గొంతులు.

ఆట మే నెలలో, చెరువు పక్క ఖాళీ జాగాలో, ఎండ తగ్గగానే మొదలైంది. దేవరయాంజాల్ నుంచి కూడా ట్రాక్టర్ల మీద వచ్చారు. మొదటి గంట బావ జీవితంలో అన్నిటికన్నా మంచి గంట అని ఇప్పటికీ అనుకుంటాను. గ్రీకు రాజు వచ్చి ఊరూ పేరూ చెబితే, మామ "సముద్రం దాటి వచ్చినవ్ సరే, మరి మీ ఊర్ల చెరువుల్లేవా తానానికి?" అన్నాడు. జనం పడి పడి నవ్వారు. అవతల కోట రాజు వేషం కట్టింది గిర్ని నడిపే ఆయన. పిండి వాసన ఆయన కిరీటానికి కూడా అంటుకుంది. "నీ కోటల గోధుమలు మంచిగ పడ్తయటగద దొరా" అంటే మళ్ళీ నవ్వులు. ముందు వరుసలో కరస్పాండెంటు తుండుతో కళ్ళు తుడుచుకుంటున్నాడు. హార్మోనియం పక్కన మాట మరిచినవాళ్ళకు అందించే కాగితాలు పట్టుకుని కూర్చున్న బావ, గుర్రం వెనకాల ఉన్న నా వైపు చూసి తల ఊపాడు. గుర్రాన్ని తొయ్యమని.

తోశాను. చక్రాలు బాగా తిరిగాయి. జనం అబ్బో అన్నారు. మామ గుర్రం చుట్టూ ఒక చుట్టు తిరిగాడు, మూతి నిమిరాడు, నడుం మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఏమే గుర్రమా! నువ్వెవరే? మీదే ఊరు? ఏం పని మీద వచ్చినవ్?"

బావ హార్మోనియం దగ్గర్నుంచి వద్దు వద్దని చెయ్యి ఊపుతున్నాడు. నేను తడకకు నోరు ఆనించి, "సప్పుడు జెయ్యకుండ్రి" అన్నాను. లోపలి నుంచి పెద్దవాడి గుసగుస: "అడిగితే చెప్పకపోతె ఎట్ల పటేలా? ఆట జెడ్తది." ఆ వెంటనే గుర్రం కడుపులోంచి రెండు గొంతులు ఒక్కటై లేచాయి. సముద్రాలు దాటి వచ్చిన వీరులమని, ఈ కోటను కాల్చ వచ్చామని, అందరూ పడుకున్నాక దిగుతామని, గుమ్మం తెరిచి మిగిలినవాళ్ళను పిలుస్తామని, ఒక్కటీ వదలకుండా రాగం తీసి పాడారు. మద్దెల ఆయన అలవాటు కొద్దీ చివర్లో ముక్తాయింపు కూడా వేశాడు.

అప్పటికీ కథ చెడలేదు. కథలోవాళ్ళకు వినపడనట్టే కదా లెక్క. గిర్ని ఆయన కూడా వినపడనట్టే మీసం దువ్వుకుంటూ నిలబడ్డాడు. కానీ ముందు కూర్చున్న ఒక అవ్వ, రోడ్డు పక్క చేపలమ్మే మనిషి, మోకాళ్ళ మీద లేచింది. "ఓ బుడ్డర్‌ఖానూ! ఇని ఊకుంటవేంది? గా రాజుకు జెప్పరాదు!"

మామ బావ వైపు చూశాడు. అవ్వ వైపు చూశాడు. బుడ్డర్‌ఖాన్ చూసేవాళ్ళ మనిషి, వాళ్ళు చెప్పమంటే చెప్పాలి. రాజు దగ్గరికి పోయి, "దొరా, గుర్రం కడుపుల మనుషులున్నరు. ఊరు కాలవెడ్తరట. లోపటికి దెస్తవా మరి?" అన్నాడు.

"నాకేమన్న పిచ్చా?" అన్నాడు గిర్ని ఆయన.

జనం లేచి చప్పట్లు కొట్టారు. బావ కాగితాలు వదిలేసి మధ్యలోకి వచ్చాడు. "తేవాలె! తేవాలె! కథ అట్లనే ఉన్నది!"

"కథల గట్లుంటె కథను కాలవెట్టుకోమను సారూ. ఊరెందుకు?" అన్నాడు మామ. అది వేషం మాటో సొంత మాటో నాకు తెలియదు.

బావ జనానికి చేతులు జోడించాడు. "అమ్మా, ఒక్క నిమిషం ఇనుండ్రి. గీ ఊరు మూడు వేల ఏండ్ల కిందనే కాలిపోయింది. మనం ఆపేదేం లేదు."

అవ్వ కూర్చోలేదు. "గప్పుడు మేం లేకపోతిమి బిడ్డా. గిప్పుడున్నం గద. పిల్లలున్న ఊరు, తేవద్దు."

ఆడవాళ్ళందరూ తేవద్దన్నారు. ట్రాక్టర్ల మీదివాళ్ళు తేవద్దన్నారు. లోపల ఉడికిపోతున్న అన్నదమ్ములు ఇక ఆగలేక తలుపు తీసుకుని దిగారు. తలుపు కిర్రుమనలేదు. మామ వాళ్ళిద్దరికీ చెరో చెంబు మజ్జిగ ఇప్పించి, "జల్దీ ఇంటికి పోండ్రి, మీ పెండ్లాలు ఎదురు జూస్తాంటరు" అని గ్రీకు దేశానికి సాగనంపాడు. మంగళం పాడారు. బావ హార్మోనియం పక్కన కాగితాలు ఏరుకుంటూ ఉండిపోయాడు. కరస్పాండెంటు వచ్చి చెయ్యి పట్టుకుని ఊపాడు. "మస్తు నవ్విచ్చినవ్ సార్. కడుపు నొస్తాంది. గిట్ల నవ్వి ఎన్ని దినాలాయెనో" అన్నాడు. బావ థాంక్స్ చెప్పాడు. తిరిగొచ్చేటప్పుడు లూనా మీద నా వెనకాల కూర్చుని ఒకే మాట అన్నాడు: "బామ్మర్దీ, వాళ్ళకు కథ అర్థమైంది. అందుకే ఆపిండ్రు." నాకు కోపం వచ్చింది. అర్థమైతే ఆపుతారా అన్నాను.

జూన్‌లో కాలేజీ ముందు జనం కట్టారు. శామీర్‌పేట, అలియాబాద్, దేవరయాంజాల్, ఎక్కడెక్కడి నుంచో వచ్చి "గుర్రం సారు ఎవలు?" అని అడిగి బావ చెయ్యి పట్టుకున్నారు. ఒక రైతు కొడుకును ముందుకు నెట్టి, "మీ అసొంటి సారుంటె పోరడు నవ్వుకుంట సదువుతడు" అన్నాడు. బావ సంతోషంగా పెన్ను తీశాడు. "ఎంపీసీ రాయుండ్రి" అన్నాడు రైతు. ఆ తర్వాత వచ్చినవాళ్ళలోనూ ఎక్కువమంది అదే అన్నారు. చరిత్ర చదివితే ఏమొస్తుందని బావనే ఎదురుగా పెట్టుకుని అడిగారు, మర్యాదగానే. లెక్కల గ్రూపుకు రెండో సెక్షను తెరవాల్సి వచ్చింది. కరస్పాండెంటు దానికి బావనే మెచ్చుకున్నాడు.

బావ ఇప్పుడు అల్వాల్‌లో ఒక స్కూల్లో సోషల్ చెబుతాడు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెబుతాడు. జోకులు వేయడు. పిల్లలకు మంచి మార్కులే వస్తాయి. నేను మాత్రం అప్పుడప్పుడు చేపల కోసం శామీర్‌పేట దాకా పోతుంటాను. ఆ అవ్వ ఇంకా అక్కడే కూర్చుంటుంది. పోయిన నెల మనవడికి చెబుతుంటే విన్నాను, గుర్రం నిజం చెప్పిందని, ఊరు బతికిందని. నేను ఊరుకోలేక, కాదవ్వా, అసలు కథలో ఊరు కాలిపోతుంది అన్నాను. "నేను కండ్లార జూసిన. నువ్వు నాకు జెప్తవా?" అని, నేను అడిగిన చేపను ముక్కలు కొట్టడం మొదలుపెట్టింది.

మూడు వేల ఏళ్ళుగా ఏటేటా కాలిపోతున్న ఊరిని ఒక్క సాయంత్రం ఆపగలిగారు వీళ్ళు. దాన్ని ఆపినంత తేలిగ్గా జూన్ నెలను ఎవరూ ఆపలేకపోయారు. కాలం పాతబడ్డ కొద్దీ మెత్తబడుతుందేమో, కొత్త కాలం మాత్రం ఎవరి మాటా వినదు. చరిత్ర గ్రూపు నిలవడానికి కావలసినవాళ్ళు పదిహేను మంది. చేరినవాళ్ళు పదకొండు.